ముద్రలను చదువుట ఎట్లు?



అక్షరములు నేర్వనివాడు సైతము చదువగల వ్రాత యొకటి కలదు. దానికి ముద్ర యని పేరు. దూరమున నున్నవాడు సైతము గుర్తింపగల వ్రాత వేరొకటి కలదు. దానికి పతాక యని పేరు. ఈ రెండును ఒక వంశమునకో, ఒక పట్టణమునకో, ఒక రాజ్యమునకో చెందిన గుర్తులు. మాటలలో చెప్పబూనినచో పుటలకొలది సాగు చరిత్రను ఇవి ఒక్క బొమ్మలో, రెండు మూడు రంగులలో ఇముడ్చుకొని యుండును.

గంజాము జిల్లాలో తెలుగు చదువుకొనుచున్న బాలబాలికలకు ఈ విషయమున ఒక సందేహము కలుగుట సహజము. ఒడిశా ప్రభుత్వపు ముద్రలో నుండునది కోణార్కపు గుఱ్ఱము. సరిహద్దు దాటి ఇచ్ఛాపురము చేరినంతనే కనబడు ఆంధ్రప్రదేశ ప్రభుత్వపు ముద్రలో నుండునది పూర్ణఘటము. “వీనిలో మనది ఏది?” అని పిల్లలు అడుగుదురు. “మన భాష ఆ వైపుది, మన ఊరు ఈ వైపుది” అని చెప్పి పెద్దలు ఊరకుందురు. ఈ సమాధానము చాలదని మా అభిప్రాయము. ముద్రను చూచుట వేరు, చదువుట వేరు. చదువ నేర్చినచో ఈ ప్రశ్నకు జవాబు మన జిల్లాలోనే దొరకును.

ఒక జర్మను పట్టణము

ముందుగా దూరదేశపు ఉదాహరణము నొకదానిని చూతము. ఏలయన ఐరోపా ఖండమున ముద్రలను గూర్చిన విద్య ఒక శాస్త్రముగా పెరిగినది. 12వ శతాబ్దమున అచటి యోధులు ముఖమును సైతము కప్పు ఇనుప టోపీలు ధరించి పోరుచుండిరి. ఎవడు తనవాడో, ఎవడు పగవాడో తెలియుటకై డాలుపై రంగులతో గుర్తులు వ్రాసికొనిరి. క్రమముగా ఆ గుర్తులు వంశములకును, పిమ్మట పట్టణములకును చెల్లినవి. అందుచేతనే నేటికిని అచటి పట్టణముల ముద్రలు డాలు ఆకారమున నుండును.

వానికొక కట్టుబాటు కలదు. పసుపును తెలుపును బంగారము, వెండి అను లోహములుగా నెంతురు. ఎఱుపు, నీలము, నలుపు, ఆకుపచ్చ మున్నగునవి రంగులు. లోహముపై లోహమును, రంగుపై రంగును ఉంచరాదు. నీలముపై పసుపు దూరమునకు స్పష్టముగా కనబడును. నీలముపై నలుపు కనబడదు. ఇంతే ఆ నియమమునకు కారణము.

కొన్ని పట్టణములు తమ పేరునే బొమ్మగా చేసికొన్నవి. బెర్లిను నగరపు ముద్ర ఎలుగుబంటి. జర్మను భాషలో ఎలుగుబంటిని ‘బేర్’ అందురు. మ్యూనిక్ నగరపు ముద్రలో సన్న్యాసి కలడు. ఆ నగరపు పేరునకు సన్న్యాసుల చోటు అని అర్థము. ఇట్టివి పేరు పలుకు ముద్రలు. జర్మను భాష ఎఱుగనివానికి ఆ ఎలుగుబంటి వట్టి ఎలుగుబంటియే. భాష తెలిసినచో బొమ్మ మాటలాడును.

ఇక మనకు ముఖ్యమైన పట్టణము బౌట్సెన్. అది జర్మనీకి తూర్పు అంచున, సాక్సనీ రాష్ట్రమున, స్ప్రే నది యొడ్డున కలదు. దాని ముద్ర నీలి డాలు. దానిపై పసిడి ప్రాకారము. ప్రాకారముపై వరుసగా కొమ్ములు. పట్టుచీరల కోటకొమ్మ అంచును, మన బరంపురపు చీరల అంచున ఆలయశిఖరములవలె నిలుచు కుంభమును ఎఱిగినవారికి ఆ బొమ్మను వర్ణింప నక్కరలేదు.

ఈ పట్టణమునకు బుదిషిన్ అను రెండవ పేరు కలదు. అది సొర్బుల భాషలోనిది. సొర్బులు స్లావు జాతివారు. వేయి సంవత్సరములకు పైగా ఆ ప్రాంతమున నున్నవారు. జర్మను మాటలాడువారి నడుమ తమ భాషను నిలుపుకొన్న అల్పసంఖ్యాకులు. వారు దాదాపు 60 వేల మంది యని సామాన్యముగా లెక్కింతురు. 1848 నుండి వారికి నీలము, ఎఱుపు, తెలుపు అను మూడు అడ్డపట్టెల పతాక కలదు.

ఆ పతాకకు కష్టకాలము వచ్చినది. 1937లో నాజీ ప్రభుత్వము సొర్బుల సంఘమైన దొమోవినాను నిషేధించి, వారి భాషను బహిరంగముగా వాడనీయకుండ చేసెను; వారి పతాకయు మాయమయ్యెను. యుద్ధము ముగిసిన పిమ్మట 1947లో బౌట్సెన్‌లో సొర్బు భాషకు ఉన్నత పాఠశాల ఏర్పడినది. 1948లో వారి హక్కులను కాపాడుటకు సాక్సనీ శాసనసభ చట్టము చేసినది. 1992 నాటి సాక్సనీ రాజ్యాంగపు రెండవ అధికరణము, సొర్బులు నివసించు ప్రాంతమున రాష్ట్రపు రంగులతోను ముద్రతోను సమానముగా సొర్బుల రంగులను, ముద్రను నిలుపవచ్చునని చెప్పుచున్నది.

పసిడి ప్రాకారము పట్టణమందలి అందఱికిని గుర్తు. మూడు రంగులు వారిలో ఒక భాషవారికి గుర్తు. ఒకటి నిలిచినంత మాత్రమున రెండవది తగ్గదు. ఈ సంగతిని మనస్సున నుంచుకొని మన ప్రాంతమునకు వత్తము.

కళింగపు నంది

ఐరోపావారు డాళ్లపై గుర్తులు వ్రాసికొనుటకు కొన్ని శతాబ్దములు ముందే మన ప్రాంతపు రాజులు రాగిపై ముద్రలు వేయించిరి. రాజు భూదానము చేసినపుడు ఆ వివరములను రాగిరేకులపై చెక్కింతురు. రేకులకు ఒకవైపున రంధ్రము చేసి, ఆ రంధ్రములగుండ రాగికడియమును దూర్తురు. కడియపు రెండు కొనలను కలిపి అతికి, ఆ అతుకుచోట రాజముద్ర నుంతురు. ముద్ర చెడనిదే కడియము ఊడదు. కడియము ఊడనిదే రేకును మార్చుట సాధ్యపడదు. కాబట్టి ముద్ర వట్టి అలంకారము కాదు. ఇచ్చిన మాట మారలేదని చెప్పు సాక్షి యది.

తూర్పు గంగరాజుల ముద్రపై నుండునది పరుండిన వృషభము. వారి రాజధాని కళింగనగరము. అది నేటి శ్రీకాకుళము జిల్లాలోని ముఖలింగమని పండితులు నిర్ణయించిరి. ఆ రాజులు తమ శాసనములలో మహేంద్రగిరిపై వెలసిన గోకర్ణస్వామిని, అనగా శివుని, భక్తితో కొనియాడిరి. శివుని వాహనము నంది. కావున ఆ వృషభమును చదివినచో మనకు మహేంద్రగిరి కనబడును. ఆ కొండ 1992లో గంజాము నుండి వేరుపడిన గజపతి జిల్లాలో కలదు. ముద్ర వేసిన రాజధాని నేడు ఆంధ్రప్రదేశమున నున్నది. ముద్రకు మూలమైన దైవపు కొండ ఒడిశాలో నున్నది. రెండింటిని కలుపునది ఆ చిన్న రాగిబిళ్లయే.

పొరుగు రాజుల ముద్రలతో పోల్చినచో ఈ సంగతి మఱింత స్పష్టమగును. వేంగి చాళుక్యుల ముద్రపై వరాహము, సూర్యచంద్రులు, అంకుశము, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అను అక్షరములు ఉండును. కాకతీయులును విజయనగర రాజులును వరాహమునే గ్రహించిరి. కథలలో మనము వినుచుండు ‘వరహా’ అను నాణెపు పేరు ఆ వరాహమునుండి వచ్చినదే. వరాహము విష్ణువు అవతారము. నంది శివుని వాహనము. ముద్రను చూచినంతనే ఇది వేంగిదో కళింగముదో ఆనాటివారు చెప్పగలిగెడివారు.

ఇచట నొక జాగ్రత్త చెప్పవలసియున్నది. సొర్బులు నివసించు మఱియొక సీమయైన దిగువ లుసాతియా ముద్రయు వృషభమే. తెల్లని డాలుపై ఎఱ్ఱని ఎద్దు. అంతమాత్రమున దానికిని కళింగపు నందికిని చుట్టరికము కలుపరాదు. బొమ్మ ఒకటియైనను అర్థము చోటును బట్టి మారును. కావున ముద్రను చదువువాడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ బొమ్మ ఏ చోటిది? దీనిని ఎవరు ఎన్నుకొనిరి? దీనితో ఏమి చెప్పదలచిరి?

కోణార్కపు అశ్వము

ఈ మూడు ప్రశ్నలను ఒడిశా ముద్రకు వేసి చూతము.

గంగవంశమున ప్రసిద్ధుడైన అనంతవర్మ చోడగంగదేవుడు 1078లో పట్టాభిషిక్తుడయ్యెను. ఆయన తల్లి రాజసుందరి చోళ రాజకుమార్తె. ఆయన కాలమున కళింగరాజ్యము ఉత్తరదిక్కునకు విస్తరించినది. పూరీలో జగన్నాథాలయ నిర్మాణము ఆరంభమైనది. రాజధాని కటకమునకు తరలినది. ఆ వంశమువాడే 1238 మొదలు 1264 వఱకు ఏలిన మొదటి నరసింహదేవుడు. కోణార్క సూర్యదేవాలయమును కట్టించినవాడు ఆయనయే. ఆ ఆలయము రథాకారమున నున్నది. దానికి 24 చక్రములు, ఏడు గుఱ్ఱములు. ఇవి గాక దక్షిణపు వైపున పెద్ద యుద్ధాశ్వముల శిల్పములు కలవు. అశ్వము ప్రక్కన యోధుడు నిలిచియుండును. ఆ అశ్వమును ఆ యోధుడును ఒడిశా ప్రభుత్వపు ముద్రలో చోటు పొందిరి.

అనగా ముఖలింగపు నందియు కోణార్కపు గుఱ్ఱమును ఒకే రాజవంశపు రెండు గుర్తులు. ముఖలింగమున మధుకేశ్వరాలయపు రాళ్లపై తెలుగు శాసనములు కలవు. అదే వంశపు ఏలుబడిలో పెంపొందిన సింహాచల క్షేత్రమున తెలుగు, సంస్కృతము, ఒడియా మూడింటను శాసనములు కలవు. ఒకే ఆలయపు గోడ రెండు దేశభాషలను మోసినది. ఏ భాషయు రెండవదానిని త్రోసివేయలేదు. ఇది తెలిసిన తెలుగు బాలునకు ఒడిశా ముద్రలోని గుఱ్ఱము పరాయిది కానేరదు. అది ముఖలింగమునుండి బయలుదేరిన కథలో తరువాతి అధ్యాయము.

పూర్ణఘటము

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినపుడు, అంతవఱకు మద్రాసు రాష్ట్రమున నున్న గంజాము దానిలో చేరినది. శ్రీకాకుళపు వైపు భూభాగము మద్రాసులో మిగిలి, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రమునను, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశమునను చేరినది. ఈ విధముగ ఒకే ఇంటి చుట్టములు రెండు రాష్ట్రములవారైరి.

ఆంధ్రప్రదేశము ఎన్నుకొన్న పూర్ణఘటము అమరావతి బౌద్ధస్తూపపు శిల్పములలోనిది. నిండిన కుండనుండి తామరపూవులు, మొగ్గలు పైకి వచ్చుచున్నట్లు ఆ శిల్పులు చెక్కిరి. నీరు, పంట, సంతానము, సంపద అన్నియు నిండుగా నుండుగాక యను ఆకాంక్ష ఆ బొమ్మలోని అర్థము. 2018లో ముద్ర రూపు కొంత మారినను ఘటము నడుమనే నిలిచినది. 2014లో ఏర్పడిన తెలంగాణము కాకతీయ తోరణమును, చార్మినారును తన ముద్రలో నిలిపినది. తెలుగువారికే రెండు రాష్ట్రములు, రెండు ముద్రలు ఏర్పడినను భాష రెండు కాలేదు. ముద్ర రాష్ట్రమునకు గుర్తు. భాషకు హద్దుగీత కాదు.

మఱియు పూర్ణఘటము ఒక్క తెలుగువారి సొత్తును కాదు. మన వీధిలో తెలుగింట పెండ్లి జరిగినను, ఒడియా ఇంట పెండ్లి జరిగినను, గుమ్మమున నీటితో నిండిన కలశము, మామిడాకులు, కొబ్బరికాయ ఉండుట మీరు చూచియున్నారు. గుఱ్ఱము తెలుగువారికి చుట్టమైనట్లే ఘటము ఒడియావారికిని చుట్టమే.

సింహములు, చక్రము

ఈ రెండు ముద్రలకు పైన దేశమునకంతటికి ఒక ముద్రయు, ఒక పతాకయు కలవు. వానిని గూర్చి గంజాము విద్యార్థి ప్రత్యేకముగా తెలిసికొనదగినది కలదు.

పతాకతో మొదలిడుదము. 1921లో బెజవాడలో జరిగిన అఖిలభారత కాంగ్రెసు సంఘపు సమావేశమున, కృష్ణాజిల్లావాడైన పింగళి వెంకయ్య గాంధీమహాత్మునకు ఒక పతాక నమూనాను సమర్పించిరి. దానిలో ఎఱుపు, ఆకుపచ్చ పట్టెలుండెను. గాంధీజీ సూచనపై తెలుపు చేరినది. నూలు వడకు రాట్నము నడుమ నిలిచినది. 1931లో రంగులు కాషాయము, తెలుపు, ఆకుపచ్చగా స్థిరపడినవి. 1947 జులై 22న రాజ్యాంగసభ రాట్నమునకు మాఱుగా 24 ఆకులుగల అశోకుని ధర్మచక్రము నుంచి నేటి జాతీయపతాకను ఆమోదించినది. పొడవు మూడు పాళ్లు, వెడల్పు రెండు పాళ్లు దాని కొలత.

జాతీయముద్ర 1950 జనవరి 26న అమలులోనికి వచ్చినది. అది సారనాథమున అశోకుడు నిలిపిన స్తంభపు శిరోభాగము. వీపులు కలిపి కూర్చున్న నాలుగు సింహములలో మూడు మాత్రమే మనకు కనబడును. వాని పాదముల క్రింది పీఠమును మీరు ఎన్నడైనను శ్రద్ధగా చూచితిరా? నడుమ చక్రము, ఒక ప్రక్క గుఱ్ఱము, మఱియొక ప్రక్క వృషభము. అవి అశోకుని శిల్పులు చెక్కినవి. కోణార్కమునకు గాని కళింగపు నందికి గాని సంబంధించినవి కావు. ఐనను ఆ రెండు జంతువులు ఒకే పీఠముపై, ఒకే చక్రమునకు ఇరువైపుల నిలుచుట మనకు తగిన పాఠమే.

అశోకుని మాట వినుటకు మనము సారనాథము దాక పోనక్కరలేదు. బరంపురమునకు ఉత్తరమున, పురుషోత్తమపురము సమీపమున, ఋషికుల్యానది ప్రాంతమున జౌగడ యను చోటు కలదు. అచట క్రీస్తు పూర్వము 3వ శతాబ్దమున అశోకుడు చెక్కించిన శిలాశాసనములు కలవు. 1850లో వాల్టర్ ఇలియట్ దొర వాని ప్రతిని తీసికొనెను. వేరుచోట్ల కళింగయుద్ధమును వర్ణించు 13వ శాసనము ఇచట లేదు. ఓడిన ప్రజల నడుమ తన గెలుపును ప్రస్తావింపక, వారికొఱకు రెండు ప్రత్యేక శాసనములను చెక్కించెను. ప్రజలందఱును తన బిడ్డలవంటివారనియు, అధికారులు కారణము లేక ఎవరిని బంధింపరాదనియు, పక్షపాతము లేక తీర్పు చెప్పవలెననియు ‘సమాపా’ యను పట్టణపు అధికారులకు ఆజ్ఞాపించెను. జాతీయముద్రలోని సింహములు ఏ రాజువో ఆ రాజు మన జిల్లా ప్రజల నుద్దేశించి పలికిన పలుకులివి.

మన ముద్ర

సొర్బులకు పతాక కలదు. ఒడిశాలోని తెలుగువారికి ప్రత్యేకమైన పతాక లేదు. లేనందుకు చింతింప నక్కరలేదు. త్రివర్ణపతాక మనది, కోణార్కపు గుఱ్ఱము మనది, పూర్ణఘటము మనది. ఐనచో మనలను మనముగా తెలుపు గుర్తు ఏది?

భారత రాజ్యాంగపు 29వ అధికరణమును చూడుడు. ప్రత్యేకమైన భాష, లిపి, సంస్కృతి గల పౌరులకు వానిని కాపాడుకొను హక్కు అందు చెప్పబడినది. అందు ‘లిపి’ యను మాటను గమనింపుడు. 30వ అధికరణము భాషాల్పసంఖ్యాకులకు విద్యాలయములను స్థాపించుకొని నడుపుకొను హక్కు నిచ్చినది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించుటకు వసతులు కల్పింపవలెనని 1956లో చేర్చిన 350-క అధికరణము చెప్పుచున్నది. మన ముద్ర గుడ్డపై ఎగురునది కాదు. మీ పలకపై, మీ నోటుపుస్తకములో ఉండునది. అది తెలుగు లిపి.

ఈ ముద్రకు నిషేధము లేదు. కాని వేరొక ఆపద కలదు. ఇంట తెలుగు చక్కగా మాటలాడుచు, తెలుగు వ్రాసిన కాగితము నిచ్చినచో తలక్రిందులుగా పట్టుకొను పిల్లలు పెరుగుచున్నారు. తల్లిదండ్రులకు మా మనవి ఇది. ఒడియా నేర్పుడు, ఇది మనము నివసించు రాష్ట్రపు భాష, మన పొరుగువారి భాష. హిందీ, ఇంగ్లీషు నేర్పుడు. వానితో బ్రదుకుతెరువు కలదు. వానితోపాటు దినమునకు ఒక పుటయైనను తెలుగు చదివింపుడు. చదువరాని భాష రెండు తరములలో వంటింటి మాటలకు పరిమితమగును. పిమ్మట అదియు ఉండదు.

తెలుగు లిపిని కాపాడుకొనుట ఒడియాకు ఎదురు నిలుచుట కాదు. జౌగడ శిలపై నున్న లిపి బ్రాహ్మి. తెలుగు లిపియు ఒడియా లిపియు ఆ బ్రాహ్మికి పుట్టిన బిడ్డలే. వేఱువేఱు దారుల పెరిగినవి. ఒక సాక్ష్యము చూపెదము. బ్రాహ్మిలో ఠకారము ఒక సున్న. ఒడియాలో ఠకారము నేటికిని గుండ్రమే. తెలుగు ‘ఠ’ యును గుండ్రమే. నడుమ ఒక చుక్క, పైన ఒక తలకట్టు చేరినవి. రెండు వేల రెండు వందల యేండ్లు గడచినను ఆ సున్న చెరగలేదు. రెండు లిపులు నేర్చిన గంజాము బాలుడు మాత్రమే ఈ సంగతిని తన కన్నులతో చూడగలడు. ఒకే లిపి నేర్చినవానికి ఈ భాగ్యము లేదు.

అభ్యాసము

1. ఒక కరెన్సీ నోటును తీసికొని వెనుకవైపు భాషల పట్టికను చూడుడు. అందు 15 భాషలు కలవు. పదియవ పంక్తిని, పదునాల్గవ పంక్తిని బిగ్గరగా చదువుడు. అవి ఏ భాషలు? రెండింటిని చదువగలిగినవారు తరగతిలో ఎందఱు?

2. జాతీయముద్రను పీఠముతో సహా గీయుడు. గుఱ్ఱము ఏ వైపున, వృషభము ఏ వైపున నున్నవో వ్రాయుడు.

3. మీ ఇంటిలోని బరంపురపు పట్టుచీర అంచును పరిశీలించి, బౌట్సెన్ ముద్రలోని ప్రాకారముతో పోల్చి ఐదు వాక్యములు వ్రాయుడు.

4. మీ ఊరికి ముద్ర లేదనుకొనుడు. డాలు ఆకారమున నొక ముద్రను కల్పింపుడు. రంగుపై రంగు ఉంచరాదను నియమమును పాటింపుడు. ఆ బొమ్మ ఏ చోటును చూపుచున్నదో, ఏమి చెప్పుచున్నదో దాని క్రింద తెలుగులో ఒక వాక్యమును, ఒడియాలో ఒక వాక్యమును వ్రాయుడు.